అన్న చేనులో పదహారు తీగెలు

నా మాట సగంలో తెగిపోయింది. మాటవరసకు అనటం లేదు, నిజంగానే తెగింది. ఆ పొద్దున కలకత్తాలో ఉండే ఒకాయనకు, మా సీమలో వేరుశనగ ఊడలు దిగే వేళకు వాన ఎట్లా ముఖం చాటేస్తుందో రేడియోలో చెబుతున్నాను. చెబుతుండగానే మీటరు ముల్లు ఒక మూలకు కొట్టుకుని నిలిచిపోయింది. మీట వదిలి విన్నాను. ఆయన గొంతు లేదు, ఎప్పుడూ వెనకాల ఉండే గరగర కూడా లేదు.

పెరట్లోకి పరుగెత్తాను. మా పెరటి గట్టుకు అవతల ఒక చేను, గట్టు మీద ఒక చింతచెట్టు ఉన్నాయి. చెట్టు కింద మా అన్న నిలబడి ఉన్నాడు. సొంత అన్న కాదు, పెదనాయన కొడుకు. చేతిలో మచ్చుకత్తి ఉంది. మా మిద్దె మీద నుంచి ఆ చెట్టు దాకా కట్టుకున్న నా ఏరియల్ తీగె నేల మీద పడి ఉంది.

"నా చెట్టుకు నీ తీగె ఏంది రా?" అన్నాడు.

"పెదనాయనే కట్టుకోమన్యాడు కదన్నా" అన్నాను.

"ఆయప్ప పోయినాడు. ఇప్పుడు నేనుండా."

అంతటితో పోయినా సరిపోయేది. సాయంత్రానికి ఆ రాగితీగెను జానెడు జానెడు ముక్కలు నరికి, ఒక సంచిలో పోసి, మా గేటుకు తగిలించి పోయాడు. మరుసటి రోజు టీ అంగడి దగ్గర పదిమందిలో చెప్పాడు కూడా. "వీడు ఆ తీగె కట్టినప్పట్నుంచే మోడాలు వచ్చినట్లే వచ్చి పోతాండాయి. కొండమీద గాలిమరలు చాలవని ఈడొకడు మనకు." గాలిమరల రెక్కలు మబ్బులను చెదరగొడతాయని మా ఊళ్లో సగం మంది నమ్ముతారు. అందులో నన్నూ కలిపేశాడు. ముసలివాళ్లు ఇద్దరు ముగ్గురు నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు. వాన రాకపోవటానికి నేనొక కారణమట!

నేను బుక్కరాయసముద్రం పక్క పల్లెలో మోటారు వైండింగు చేసుకునే మనిషిని. బోరు మోటార్లు కాలిపోతే నా దగ్గరికి వస్తాయి. కాలిన తీగె ఊడబీకి కొత్త తీగె చుట్టి పంపిస్తాను. మా ప్రాంతంలో బోర్లకు నీళ్లు తక్కువ, మోటార్లకు చావులు ఎక్కువ, కాబట్టి నాకు పనికి కొదవ లేదు. పొద్దున ఒక్క గంట మాత్రం నాది. సర్కారు పరీక్ష రాసి, లైసెన్సు తెచ్చుకుని, సొంత సెట్టు పెట్టుకుని దూరదేశాల వాళ్లతో ముచ్చటించే హామ్ రేడియో నాకు పదిహేనేళ్ల వ్యసనం. "చేతిలో ఫోను ఉండగా ఈ తిప్పలేంది?" అని అందరూ అడుగుతారు. ఫోనులో తెలిసినవాళ్లతోనే కదా మాట్లాడేది. ఇక్కడ ఎవరు పలుకుతారో తెలియదు, అదే నాకు ఇష్టం. ఆ గంటే లేకపోతే రోజంతా నూనె వాసన తప్ప నాకేమీ మిగలదు.

ఆ గంటను అన్న లాక్కున్నాడు. అది కూడా నేను వాక్యం మధ్యలో ఉండగా.

కొట్టాలనిపించింది, కొట్టలేదు. మా అన్న మండలాఫీసు చుట్టూ తిరిగే మనిషి. తెల్ల చొక్కా, నలుగురు వెంట ఉంటారు. కొడితే స్టేషను, పంచాయితీ, మళ్లీ పదిమందిలో నేనే తల దించుకోవాలి. నాకు అంత చవక పగ వద్దనిపించింది. నా మాట ముందుకంటే దూరం పోవాలి. పొద్దున లేవగానే అతనికి నా ఏరియల్ కనబడాలి. అతని సాయం ఇసుమంత కూడా లేకుండా అది నిలబడాలి. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడు ఉంటాడని అతనికి తెలియాలి.

నిలువు ఏరియల్ మీదికి నా మనసు పోయింది అందుకే. పుస్తకాలు చదివి కాదు, కడుపుమంటతో. అడ్డంగా కట్టే తీగెకు రెండు కొసలకూ రెండు ఆసరాలు కావాలి. ఒకటి నా మిద్దె, రెండోది శత్రువు చెట్టు. నిలువుదానికి ఒక్క కాలు చాలు. ఎవరి చెట్టూ అక్కర్లేదు.

అయితే ఒక్కో పూటకు ఒక్కో బ్యాండు, అంటే ఒక్కో పొడవు రేడియో అల, పనిచేస్తుంది. తెల్లవారి నలభై మీటర్లు, ఎండ ఎక్కితే ఇరవై, మధ్యాహ్నం పదిహేను, పది. నాలుగింటికి నాలుగు గడలు పాతలేను కదా. ఒకే గడ నాలుగు బ్యాండ్లకూ పలకాలి. రెండు నెలలు వెతికాను. పరదేశపు కంపెనీది ఒకటి చూశాను, భూమిలో తీగెలేవీ పరచనక్కర్లేదని దాని గొప్ప. బొమ్మలో ఒక తెల్లాయన పచ్చగడ్డి మీద నిలబడి ఆ గడ పక్కన నవ్వుతున్నాడు. ఆయనను ఒక ఏడాది మా ఊళ్లో ఉంచితే ఎట్లా నవ్వుతాడో చూడాలనిపించింది. చేపలు పట్టే గడకు తీగె చుట్టి నిలబెట్టే రకం ఒకటి ఉంది. అది ఆషాఢం గాలికి మా ఊళ్లో మూడు రోజులు నిలవదు.

ట్రాప్‌లుండే రకం చూడగానే మాత్రం నా చేతులు దురద పెట్టాయి. అల్యూమినియం గొట్టం మధ్యలో అక్కడక్కడా కాయిల్ చుట్టలు ఉంటాయి, వాటినే ట్రాప్‌లంటారు. మడికి నీళ్లు కట్టేటప్పుడు కాలువకు పారతో మట్టి అడ్డం వేసి, ఈ మడి వరకే అని ఆపుతాం కదా, ఆ పనే ఇవీ చేస్తాయి. పది మీటర్ల బ్యాండులో మాట్లాడితే కింది ముక్క వరకే కరెంటు పోతుంది. నలభైలో అయితే అడ్డాలన్నీ దాటి కొస దాకా పోతుంది. కాయిల్ చుట్టటం నాకు ఇంకొకరు నేర్పాలా! ముప్పై ఏళ్లుగా చేస్తున్నది అదే. పీవీసీ పైపు ముక్కల మీద కేబుల్ చుట్టి, అరచేతిలో పట్టే మీటరుతో ఒక్కొక్కటీ సరిచూసి, నీళ్లు దూరకుండా మూసి, మూడు ట్రాప్‌లు చేశాను. ఒకదానిలో ఒకటి దూరే గొట్టాలు బెంగుళూరు పాత సామాన్ల అంగళ్లలో దొరికాయి. మొత్తం కలిపితే రెండు మిద్దెల ఎత్తు అయింది. ఆ చుట్టలు చుట్టేటప్పుడు, చుట్టు చుట్టుకూ మా అన్నను ఏదో ఒకటి అనుకుంటూనే చుట్టాను. అందుకేనేమో ఒక్క చుట్టు కూడా వదులు కాలేదు.

ఎక్కడ పాతాలనే దగ్గర నేను తప్పు చేశాను. మా జిల్లావాడు తప్ప ఇంకొకడు చేయని తప్పు అది.

మా పెరట్లో మా నాయన వేయించిన ఎండు బోరు ఒకటి ఉంది. అరచేతిలో టెంకాయ పట్టుకుని నడిచి నీళ్లు చూసే ఆయన వచ్చినప్పుడు, ఆ టెంకాయ సరిగ్గా మా గట్టుకు మూడు అడుగుల ఇవతల నిక్కిందట. అక్కడే వేయించాడు. దుమ్ము తప్ప ఏమీ రాలేదు. నలభై అడుగుల ఇనుప కేసింగు గొట్టం మాత్రం నేలలో అట్లాగే ఉండిపోయింది. నిలువు ఏరియల్‌కు గడ సగమే, మిగిలిన సగం భూమి. ఆ గడకు మంచి ఎర్త్ కావాలి. నలభై అడుగుల ఇనుము నేలలో దిగబడి ఉంటే ఇంతకంటే మంచి ఎర్త్ ఎక్కడ దొరుకుతుంది? మాకు పుట్టిన దగ్గర నుంచీ ఏది కావాలన్నా కిందికే పోవటం అలవాటు. మూడు వందల అడుగుల్లో లేకపోతే ఆరు వందలు, అక్కడా లేకపోతే వెయ్యి. పైన ఉంటుందని మాకు ఎవరూ చెప్పలేదు.

బోరు పక్కనే కాంక్రీటు పోసి, రెండు ఇనుప యాంగిళ్లు నిలబెట్టి, వాటి మధ్య నైలాన్ దిమ్మె మీద గడను నిలిపాను. మూడు వైపులా తాళ్లు లాగి కట్టాను. మూడు గూటాలూ నా పెరట్లోనే దిగ్గొట్టాను. ఒక తాడు నీడ మాత్రం సాయంత్రం గట్టు దాటి పోతుంది, దానికి నేనేం చేయలేను. కేసింగును గీకి మెరిపించి, బోల్టు వేసి తీగె బిగించాను. మీటరు పెట్టి ఎస్.డబ్ల్యు.ఆర్. చూశాను. సెట్టు పంపిన కరెంటును ఏరియల్ ఎంత మింగింది, ఎంత తిప్పికొట్టింది అనే లెక్క అది. ఒకటికి ఎంత దగ్గరైతే అంత మంచిది. ఒకటి పాయింటు ఒకటి చూపించింది. ఇంత బాగా మా తాలూకాలో ఎవరికీ వచ్చి ఉండదు. మీటరును మా ఆవిడకు తీసుకుపోయి చూపించాను. "మంచిదేనా?" అంది. "మంచిదేనా అంటావేమే!" అన్నాను.

పది రోజులు పిలిచాను. ఒక్కడూ పలకలేదు. అందరూ నాకు వినబడుతున్నారు, నేను ఎవరికీ వినబడటం లేదు. ఒక పొద్దున మాత్రం కలకత్తా ఆయన, "ఎవరో గొణుగుతున్నట్టుంది, అర్థం కావటం లేదు" అని ఇంకెవరితోనో అన్నాడు. ఆ గొణుగుడు నేనే. చేతిలో మైకు అట్లాగే పట్టుకుని కూర్చున్నాను.

మా అన్న గట్టు అవతల నిలబడి పంటిపుల్ల నములుతూ అడిగాడు. "ఏమప్పా, ఎవురన్నా పలికినారా? మీ నాయనకు బోర్లో నీళ్లు పడినట్లే పడిందే నీ మాట!"

చచ్చిపోయిన మా నాయనను కూడా కలిపాడు. ఆ రోజు నేను అన్నం తినలేదు.

బళ్లారి వైపు ఉండే ఒక పెద్దాయన నాకు రేడియోలోనే పరిచయం, ముఖం ఎప్పుడూ చూడలేదు. ఆయనకు ఫోను చేసి జరిగిందంతా చెప్పాను. మీటరు ఇంత బాగా చూపిస్తుంటే ఎందుకు పోవటం లేదని మొత్తుకున్నాను. ఆయన నవ్వాడు.

"మీటరు ఏం చెప్తాది? కరెంటు లోపలికి పోయిందని చెప్తాది. ఎవురు తిన్యారో చెప్పదు. నీ నేలే తింటాంది అప్పా."

"నలభై అడుగులు దిగినా తింటుందా?"

"నువ్వు నాలుగొందలు దిగినా తింటాది. దీనికి లోతు పనికిరాదు. గడ మొదట్నుంచి చక్రం ఆకుల మాదిరి చుట్టూ తీగెలు పరచాల. బెత్తెడు లోతు చాలు. ఎన్ని పరిస్తే అంత మేలు. మీటరు అప్పుడు ఒకటిన్నరకు పోతాది, భయపడాకు. మాట మాత్రం ఎగురుతాది. ఇంకోటి, నిలువు గడ కాబట్టి నాకు నువ్వు సరిగ్గా వినపడవు, దూరపోళ్లకు వినపడతావు."

పక్క ఊరివాడికి వినబడని మాట పరదేశంవాడికి వినబడటం మా ఇంటి పద్ధతికి సరిగ్గా సరిపోతుందనుకున్నాను. కానీ ఒక చిక్కు ఉంది. బోరు గట్టుకు మూడు అడుగుల్లో ఉంది. చక్రంలో సగమే నా పెరట్లోకి వస్తుంది, మిగిలిన సగం అన్న చేనులోకి పోతుంది. ఆ మాట ఆయనకు చెప్పాను.

"సగం వేసి చూడు, పలుకుతాది. పక్క సేనోళ్లను అడిగి మిగిల్ది వేసుకుంటే ఇంకా మంచిది" అన్నాడు. ఆ 'అడిగి' అన్న మాట నాకు వినబడనట్టే ఉండిపోయాను.

తీగెకు కరువు లేదు. కాలిన మోటార్ల నుంచి ఊడబీకిన నీలం రంగు తీగె మూటలు మూటలుగా షెడ్డులో పడి ఉంది. నా పెరటి వైపు పదహారు పరిచాను. మరుసటి పొద్దున కలకత్తా ఆయన పలికాడు. "ఎక్కడికి పోయారు? ఏదో చెబుతూ చెబుతూ ఆగిపోయారు, బాగున్నారు కదా?" అని అడిగాడు. బాగున్నానని రెండుసార్లు చెప్పాను. అక్కడితో ఆగి ఉంటే మర్యాదగా ఉండేది. ఆ సగం చాలు. చాలని నాకు తెలుసు.

నాకు మిగిలిన సగం కూడా కావాలి. ఏరియల్ కోసం కాదు. అతని నేల కింద నా తీగెలు ఉండాలి, అతని నేల మీద నుంచి నా మాట లేవాలి, అది అతనికి తెలియకూడదు. కుక్కకాటుకు చెప్పుదెబ్బ అంటారు, నాకు ఆ చెప్పు రోజూ వేయాలనిపించింది. వానలు లేక ఆ చేను రెండేళ్లుగా బీడు పడి ఉంది. దున్నేవాడు లేడు, చూసేవాడు లేడు.

యాడికి ఊళ్లో ఎవరిదో పెళ్లని అన్న ఇంటివాళ్లందరూ జీపు కట్టించుకుని పోయిన రోజు, పట్టపగలు గట్టు దాటాను. పారతో నేలను బెత్తెడు లోతు చీల్చటం, తీగె దించటం, కాలితో తొక్కటం, మళ్లీ ఇంకొకటి. నేల రాయిలాగా ఉంది. పార పడితే చెయ్యి అదురుతోంది. మా ఆవిడ చెంబుతో మజ్జిగ తెచ్చి గట్టు మీదే నిలబడింది, చేనులోకి దిగలేదు.

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల? సగం చాలని ఆ పెద్దాయన చెప్పినాడంటివి కదా" అంది.

"నీకు తెలీదు" అన్నాను.

"నాకు తెలీకపోయేదేముంది? నీ మొగం జూస్తే తెలుస్తాంది" అని చెంబు గట్టు మీద పెట్టి పోయింది.

సాయంత్రానికి పదహారూ పూడ్చాను. అందులో మూడు తీగెలు మా అన్న పాత మోటారువే. మేము మాట్లాడుకునే రోజుల్లో నా దగ్గర చుట్టించుకున్నాడు. అతని తీగెను అతని చేనులోనే పూడ్చి నా మాట పంపిస్తున్నానని తలుచుకుంటే ఒళ్లునొప్పులు కూడా తీయగా అనిపించాయి.

మీటరు ఒకటిన్నరకు పోయింది. ముందు ఒకటి పాయింటు ఒకటి చూసి మురిసిపోయినవాడిని, ఇప్పుడు ఒకటిన్నర చూసి మురిశాను. ఆ వారం ఇటలీలో రొట్టెల దుకాణం నడిపే ఒకాయన దొరికాడు. బట్టీ వెలిగించి, పిండి పొంగే లోపల రేడియో ముందు కూర్చుంటాడట. "నీ మాట చాలా గట్టిగా వస్తోంది, ఏ ఏరియల్?" అని అడిగాడు. నేను చేసుకున్నదే అన్నాను. "నేల మంచిదై ఉండాలి" అన్నాడు. మా అన్న నేలకు ఇటలీ నుంచి వచ్చిన మెప్పు అది! నవ్వలేక చచ్చాను.

అప్పటి నుంచి నేను ఒక కొత్త సుఖం మరిగాను. పొద్దున టీ గ్లాసు పట్టుకుని గట్టు దగ్గర నిలబడేవాడిని. మా అన్న చెంబు పట్టుకుని ఆ బీడులోంచి నడిచిపోయేవాడు, నా తీగెల మీదుగా. మూడోది, నాలుగోది, అయిదోది అని లోపల లెక్కపెట్టుకునేవాడిని. "ఏంది రా నవ్వుతాండావు?" అనేవాడు. "ఏం లేదులేన్నా" అనేవాడిని. అంత మర్యాదగా అతనికి నేను ఎన్నడూ జవాబు చెప్పి ఉండను.

ఇప్పుడు చెప్పబోయేది చెప్పుకోవటానికి సిగ్గుగా ఉంది. మరుసటి ఏడు జూన్‌లో మబ్బులు పట్టాయి. ఊళ్లో అందరూ ఆకాశం వైపే చూస్తున్నారు. ముదిగుబ్బ వైపు పడిందట, ధర్మవరం వైపు పడిందట అని కబుర్లు వస్తున్నాయి. నేను కూడా చూశాను. వాన పడితే ఆ చేను దున్నుతారు, దున్నితే నా తీగెలు బయటపడతాయి. ఆ నల్లటి మబ్బును చూసి, నా నోటితో నేనే, "ఇప్పుడే వద్దు" అన్నాను. అనంతపురం జిల్లాలో పుట్టినవాడు అనవలసిన మాటేనా అది? మబ్బులు చెదరగొడుతున్నానని మా అన్న నా మీద వేసింది అబద్ధం. ఆ సాయంత్రం దాన్ని నేను నిజం చేయబోయాను. నా మాట వాన వినలేదు కాబట్టి బతికిపోయాను. రెండు రాత్రులు కుండపోతగా కురిసింది.

మూడో రోజు పొద్దున, షెడ్డులో మోటారు విప్పుతుండగా గుమ్మంలో మా వదిన కనబడింది. మా అన్న భార్య. మా ఇంటికి ఆమె వచ్చి మూడేళ్లు దాటింది. చీర మోకాళ్ల దాకా ఎగదోపి ఉంది, కాళ్లకు తడిమట్టి, నడుముకు విత్తనాల ఒడి. చేతిలో బారెడు నీలం తీగె ఉంది.

"ఏమప్పా, ఇది నీదేనా?"

తల ఊపాను.

"విత్తనం గొర్రుకు చుట్టుకున్యాది. ఎద్దు కాలికి తగులుకోని ఎగిరిపడె. ఇంకెన్ని ఉండాయి?"

"మొత్తం పదహారు."

"ఎవురినడిగి పూడ్చినావు?"

ఈ ప్రశ్న కోసం నేను ఎన్ని రోజులు ఎదురుచూశానో! మా అన్న అడుగుతాడని, అడిగితే ఏమనాలో ముక్క ముక్క తయారుచేసి పెట్టుకున్నాను. అదంతా ఇప్పుడు ఆమె ముందు బయటికి వచ్చింది. "నా తీగె నరికినప్పుడు అన్న ఎవరినడిగినాడు వదినా? నా మాట మధ్యలో తెంచినాడు. మా నాయనను ఎత్తి పొడిచినాడు. అందుకే అన్న సేన్లో పూడ్చినా. పూడ్చినా కాబట్టే..."

"ఎవురి సేన్లో?"

"అన్న సేన్లో."

"ఎవురి సేనప్పా అది?"

నాకు తెలుసు. ఊరందరికీ తెలుసు. ఆ చేను ఆమెకు పుట్టింటివాళ్లు పెళ్లినాడు పసుపు కుంకుమ కింద ఇచ్చింది. పాసుపుస్తకం ఆమె పేరున ఉంది. విత్తనాలు ఇచ్చే రోజు వరసలో నిలబడి వేలిముద్ర వేసేది ఆమె. అయినా ఊరు ఊరంతా మా అన్న చేను అనే అంటుంది, మా అన్న గట్టు, మా అన్న చెట్టు అంటుంది. ఆ చేనులో మోటారు నేనే బిగించాను, అప్పుడు కాగితం మీద మా అన్న పేరే రాశాను. ఇన్ని నెలలుగా నేను కత్తి నూరింది అతని కోసం. అది దిగింది ఆమెకు.

"చెట్టుకు కట్టుకోమన్యాడు మీ పెదనాయన" అంది ఆమె. గొంతు పెంచలేదు. "తెంచేసినాడు మీ అన్న. సేన్లో పూడ్చినావు నువ్వు. మీ ముగ్గుర్లో ఒకడన్నా నన్ను అడిగినాడా?"

"తప్పయింది వదినా" అన్నాను. నిజంగానే అన్నాను. ఆ తరువాత బుద్ధి మళ్లీ ఏరియల్ మీదికే పోయింది. "ఇప్పుడు అడుగుతాండా. గొర్రుకు తగలకుండా మూరెడు లోతులో పూడ్చుకుంటా. ఉండనిస్తావా?"

ఆమె నా వైపు చూసింది. మెత్తని మనిషి, ఒప్పుకుంటుందనే అనుకున్నాను. ఎంత గొడవ ఉన్నా పండగనాడు మా ఇంటికి ఓళిగలు పంపించే మనిషి.

"వద్దు" అంది. "పదును ఆరకముందే తీసేయి. ఎద్దులు నిలబడుకోని ఉండాయి."

వెనకాలే పోయాను. తడి నేల మెత్తగా ఉంది. ఎండలో గంటలు పట్టిన పని, తీయటానికి ఎంతోసేపు పట్టలేదు. మోకాళ్ల మీద కూర్చుని తీగె కొస పట్టుకుని లాగితే మట్టి చీల్చుకుంటూ నీలంగా లేచి వచ్చింది. చుట్ట చుట్టి పక్కన వేయటం, పక్క దానికి పాకటం. గొర్రు తోలే మనిషి బీడీ కాలుస్తూ చూస్తున్నాడు. వదిన నడుము మీద చెయ్యి పెట్టుకుని, నేను ఎక్కడ ఉంటే అక్కడికి నాతోపాటు నడుస్తోంది. పన్నెండోది లాగుతుండగా బండి చప్పుడైంది. మా అన్న మండలాఫీసుకు పోబోతూ గట్టు మీద బండి ఆపి, తెల్ల చొక్కాకు మట్టి అంటకుండా దిగాడు.

"ఏమిరా, నా సేన్లో మోకాళ్ల మీద ఏం ఎతుక్కుంటాండావు?" అని గట్టిగా నవ్వాడు.

చెప్పటానికి నోరు తెరిచాను. నాకంటే ముందు ఆమె అంది.

"నీ సేను యాడుండాది? ఇది నా సేను. నన్ను అడక్కుండా తీగెలు పూడ్చినాడు, తీపిస్తాండా. నీకేం పని ఈడ?"

గొర్రు తోలే మనిషి బీడీ పారేసి ఎద్దుల వైపు తిరిగి నిలబడ్డాడు. మా అన్న చుట్టూ చూశాడు, వెంట ఆ నలుగురు లేరు. మెడ దగ్గర నుంచి ఎర్రబడుతూ ఆ ముఖం మెల్లగా కిందికి దిగిపోయింది. ఆ ముఖం చూడాలనే నేను గడ నిలబెట్టాను, నేల చీల్చాను, పడే వానను వద్దన్నాను. చూశాను. ఆమె కాళ్ల దగ్గర, మోకాళ్ల మీద కూర్చుని, తల ఎత్తి చూశాను.

ఆమె అప్పటికే అతన్ని వదిలేసి నా వైపు తిరిగింది.

"ఇంకా నాలుగుండాయి" అంది. "కానీయప్పా."